సగం నీలం గడియారం

మా వీధి కుళాయికి రోజూ నలభై నిమిషాలు నీళ్ళు వదులుతున్నట్టు మునిసిపాలిటీ పుస్తకాల్లో ఉంది. రెండు నిమిషాలు వచ్చినట్టు కూడా ఉండడం లేదని మేం అర్జీ పెట్టుకున్నాం. మునిసిపాలిటీ పుస్తకాలు అబద్ధం చెప్పవు. ఇంత మంది ఆడవాళ్ళని పట్టుకుని అబద్ధమాడుతున్నారనడం మర్యాద కాదు. కాబట్టి లోపం నీళ్ళలో లేదని, కాలంలో ఉందని మా కమిషనర్ చిదంబరేశ్వరరావుగారు తేల్చారు.

ఆయన అంతకుముందే ఎక్కడో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ నేర్చుకున్నది వార్డు సభలో మాకు వివరించారు.

"నీటి కొరత రెండు విధములు. ఒకటి వాస్తవ కొరత, రెండవది అనుభూత కొరత. వాస్తవ కొరతను నివారించుట పై అధికారుల పరిధిలోని అంశము. అనుభూత కొరతను నివారించుట మాత్రము పూర్తిగా మన చేతుల్లో ఉన్నది."

మేం చప్పట్లు కొట్టాం. సభ ముగిస్తే ఇంటికెళ్ళి అన్నం వండుకోవాలి.

మాది సముద్రానికి దగ్గర ఊరు. బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడతాయి. గిన్నెలు తోముకోవడానికి తప్ప ఆ నీళ్ళు దేనికీ పనికిరావు. మంచినీళ్ళకి పన్నెండు ఇళ్ళ మధ్య ఒకటే కుళాయి. పొద్దున్న ఆరింటికి ఫిట్టరు గౌరీసు వాల్వు తిప్పి, ఆరూ నలభైకి కట్టేస్తాడు. ఆ వ్యవధిలో యాభై బిందెలు నిండుతాయి. ఇంటికి నాలుగు, వరహాలమ్మకి మాత్రం ఆరు. వీధంతా కూర్చుని చేసుకున్న ఏర్పాటు ఇది. నా దస్తూరీ బాగుంటుందని వంతుల పుస్తకం నా దగ్గర పెట్టారు.

వరహాలమ్మది మా పక్కిల్లు. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది. ఆమె అత్తగారు సన్యాసమ్మ రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. ఆవిడ పక్కబట్టలు ఉప్పు నీళ్ళతో ఉతికితే వీపు పొక్కిపోతుంది. అందుకే రెండు బిందెలు ఎక్కువ. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. కోడలికి ఉతుకుడు తగ్గించాలని ఆ ముసలావిడ నీళ్ళు తాగడం మానేసింది. రోజుకి నాలుగు చెంచాలు, అదీ బతిమాలితే. ఇలాగే ఉంటే మూత్రపిండాలు దెబ్బతింటాయని డాక్టరు చెప్పాడు. వరహాలమ్మ గ్లాసు పట్టుకుని వెళితే సన్యాసమ్మ పెదవులు బిగించేది.

"కుళాయి కట్టీసినాడు కదే. ఇప్పుడు తాగితే రేపటిదాకా నువ్వేటి సేస్తావు?"

ఇక మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. వంతు కోసం మనిషి నిలబడక్కరలేదు. బిందె పెడితే చాలు. ఏ సొట్ట ఎవరిదో, ఏ మూతికి ఎర్ర గుడ్డ ఎవరు కట్టారో అందరికీ తెలుసు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. మా అర్జీ మీద మునిసిపాలిటీ పంపిన సర్వే గుమస్తా వచ్చింది మధ్యాహ్నం రెండింటికి. అప్పుడు వరసలో బిందెలు తప్ప మేమెవరం లేం. మా గుమ్మంలోంచి నేనే చెప్పాను, ఇది వరహాలమ్మ, ఇది నేను, ఇది మూలింటివాళ్ళు అని. ఆయన అన్నీ రాసుకున్నాడు. "హాజరైన లబ్ధిదారులు పన్నెండు మంది. ఫిర్యాదులు ఏమీ లేవు" అన్న కాయితం తరవాత మేం చూశాం.

ఆ తరవాత వారానికి తన్మయి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, గుండ్రటి కళ్ళజోడు, భుజానికి గుడ్డసంచీ. వస్తువుల రూపకల్పన చదువుకుందట. కమిషనరుగారు ప్రత్యేకంగా పిలిపించారు. చాలా శ్రద్ధగల పిల్ల. వీధి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది.

"ఆంటీ, మీరు సమయాన్ని ఎలా అనుభవిస్తారు?"

వరహాలమ్మ కాళ్ళు చాపుకుంది.

"మడమల్లోన," అంది.

తన్మయి అది పుస్తకంలో రాసుకుని కింద గీత గీసింది. "నీళ్ళు వచ్చే నలభై నిమిషాలూ మీకు ఎలా ఉంటుంది?"

"ఎలగుంటాది? సగం రోజు అక్కడే అయిపోతాది. మిగతా రోజంతా దాని ఎనకాల ఈడ్సుకుపోడమే."

ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది. మా గడియారం అక్కడ పుట్టింది.

నెల తిరక్కుండా వార్డులోని రెండు వందల ఇళ్ళకీ ఇంటికొకటి ఉచితంగా ఇచ్చారు. మామూలు గోడ గడియారమంత గుండ్రంగా ఉంది. ఒకటే ముల్లు. ముఖం కుడిసగం ముదురు నీలం, ఎడంసగం తెలుపు. నీలంలో పొద్దున్న ఆరు నుంచి ఆరూ నలభై దాకా మాత్రమే ఉంది. మిగతా ఇరవై మూడు గంటల ఇరవై నిమిషాలూ తెలుపులో ఇరికించారు. గంటకి ఒక వేలు వెడల్పు చొప్పున. ఆరు కొట్టగానే ముల్లు పైనుంచి కిందికి పరుగెత్తుతుంది. ఆరూ నలభై దాటాక నత్తలా పాకుతూ తెల్లారేసరికి పైకి చేరుకుంటుంది.

పంపిణీ సభలో కమిషనరుగారు, "నేటి నుంచి ఈ పట్టణ పౌరులకు దినములో సగభాగము నీరు లభించును," అని ప్రకటించారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గడియారం మా ఆడవాళ్ళందరికీ నచ్చింది. ఇన్నాళ్ళకి సరిగ్గా నడిచే గడియారం చూశామనిపించింది. మా ఆయన మాత్రం ఏడింటికి లేచి, పళ్ళు తోముకుంటూ గోడవైపు చూసి కంగారుపడ్డారు.

"ఇదేమిటే, సగం రోజు అయిపోయింది?"

"రోజూ అయిపోయేదే. ఇప్పుడు గోడ మీద కనబడింది."

ఆ రోజు తన మంచం దుప్పటి తనే మడత పెట్టుకున్నారు.

మునిసిపల్ ఆఫీసులోనూ అదే గడియారం పెట్టారు. పదింటికి రావలసిన సిబ్బంది పదకొండింటికి వస్తే ముల్లు వేలు వెడల్పు కదిలేది. వేలు వెడల్పు ఆలస్యానికి సంజాయిషీ అడగడం బాగుండదని మేనేజరు అడగడం మానేశారు. ఆఫీసులో వాతావరణం చాలా మెరుగుపడిందని చెప్పుకున్నారు.

అసలు మార్పు వచ్చింది సన్యాసమ్మలో. ఆవిడ మంచానికి ఎదురుగా మేకుంటే వరహాలమ్మ దానికే గడియారం తగిలించింది. ముసలావిడ కళ్ళకి ముల్లు ఆనదు. రంగు ఆనుతుంది.

"ఆ నీలమేటే?"

"నీళ్ళొచ్చే ఏల, అత్తా."

"అంతసేపే?"

"అంతసేపే."

సన్యాసమ్మ చాలాసేపు గోడవైపే చూసింది. తరవాత గ్లాసు అడిగింది. నిండు గ్లాసు తాగి మూతి తుడుచుకుని, ఇంకో గ్లాసు పొయ్యమంది. ఆ సాయంత్రం వరహాలమ్మ మా గుమ్మంలో నిలబడి ఇది చెప్పింది. చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండు గలాసులు తాగింది, అప్పా. రెండేళ్ళయింది, మాయత్త గుటకేసిన సప్పుడు ఇని."

ఆ రాత్రి పక్కబట్టలు మూడుసార్లు మార్చిందట. మర్నాటి నుంచి ఆరు బిందెలు ఆమెకి చాలలేదు. ఇంటికో చెంబు చొప్పున మేం సర్దుతూ వచ్చాం.

గుమస్తా రెండో సర్వేకి వచ్చాడు. ప్రశ్న ఒకటే. "గడియారంలో నీళ్ళు ఎంత మేర వస్తున్నాయి?" సగం అన్నాం. గోడ మీద ఉన్నదే చెప్పాం. ఆ జవాబులు క్రోడీకరిస్తే మా ఊళ్ళో నీళ్ళు అవసరానికి మించి ఉన్నట్టు తేలింది. దినానికి పన్నెండు గంటల సరఫరా వృథా అని, దానివల్ల పౌరులు సోమరులవుతారని కమిషనరుగారు అభిప్రాయపడ్డారు. నలభై నిమిషాల్ని ఇరవై చేశారు. తగ్గించినట్టు మాకు అనిపించకుండా గడియారాలకి కొత్త ముఖాలు వేశారు. ఈసారి ముప్పాతిక నీలం. మిగిలిన నీళ్ళని ట్యాంకులో నిలవ చేసి 'మిగులు' అని పేరు పెట్టారు.

యాభై బిందెలు పాతికయ్యాయి. ఇంటికి రెండు, వరహాలమ్మకి మూడు. మూడే ఇవ్వగలిగాం. అవతల సన్యాసమ్మ, నీలం పెరిగిందని చూసి, రోజుకి నాలుగు గ్లాసులు తాగడం మొదలెట్టింది.

"గడియారం తీసెయ్యకూడదూ?" అన్నాను.

"తీసీసినాను అప్పా, ఒక పూట. గుడ్డలో సుట్టి పెట్టెలో పెట్టినాను. నోరు మూసీసుకుంది. మల్లీ తగిలించీసినాను."

ఇద్దరం కమిషనరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని కూర్చోమన్నారు. ఆ మాటకొస్తే మంచి మర్యాదస్తుడు.

"చూడండమ్మా, మీరు బిందెలలో ఆలోచిస్తున్నారు. ఆధునిక పరిపాలన అనుభూతులలో ఆలోచించును."

"అనుబూతి ఒకటికి ఎన్ని బిందెలొస్తాయి బాబూ?" అంది వరహాలమ్మ.

"అటుల కొలువరాదు. సరే, ఇంతకూ మీ గృహమున గడియారము పనిచేయుచున్నదా?"

వరహాలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు నీళ్ళు మానెయ్యడం, నీలం చూసి మొదలెట్టడం, బట్టలు, ఉప్పు నీళ్ళు, పొక్కులు. మూడు బిందెలు ఎనిమిదైతే గాని గడవదని చెప్పింది. కమిషనరుగారు మధ్యలోనే కుర్చీలోంచి లేచారు. కళ్ళు చెమర్చాయి. గుమస్తాని పిలిచి రాసుకోమన్నారు.

"రెండు వత్సరములుగా నీరు ముట్టని వృద్ధురాలు గడియార దర్శనమాత్రమున నీరు స్వీకరించినది. విజయగాథ, ఒకటవ సంఖ్య. పొక్కులు అక్కరలేదు, అది కొట్టివేయుము."

వచ్చే నెలలో 'మిగులు నీటి పట్టణం' పురస్కారానికి రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల సంఘం వస్తోందట. వేదిక మీద మాట్లాడడానికి వరహాలమ్మ ఎంపికైనట్టు అక్కడికక్కడే చెప్పారు. బిందెల సంగతి, సంఘం వెళ్ళాక పరిశీలిస్తారట.

పురస్కారం దరఖాస్తులో ఒక గడి ఉంది. 'గడియారంలో నీటి లభ్యత, శాతములలో.' డెబ్బై అయిదు అని రాయడం కమిషనరుగారికి నచ్చలేదు. తన్మయిని పిలిపించి ముఖం మొత్తం నీలం చెయ్యమన్నారు. అప్పుడు నేను వంతుల పుస్తకం నకలు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"మొత్తం నీలమైతే అది గడియారం కాదు సర్," అంది ఆ పిల్ల. "పళ్ళెం."

"మంచిదే కదా. పళ్ళెము ఎన్నడూ ఆలస్యముగా నడవదు."

తన్మయి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. బయటికొచ్చాక మెట్ల మీద నాతో అంది, "నేను వరహాలమ్మ ఆంటీ చెప్పిందే గీశాను. నిజంగా అంతే గీశాను."

"బాగా గీశావమ్మా," అన్నాను. అబద్ధం కాదు.

అంతా నీలమయ్యాక గడియారంలో అంకెలు లేవు. ముల్లు రోజుకొకసారి చుట్టూ తిరుగుతుంది. తెల్లభాగం లేనందువల్ల ఆఫీసు వేళలు కూడా ఉన్నాయో లేవో సిబ్బందికి స్పష్టత లేక, తేలేదాకా ఇళ్ళ దగ్గరే ఉన్నారు. ఫిట్టరు గౌరీసుకి మాత్రం రాతపూర్వకంగా ఆదేశం వచ్చింది. మా దగ్గరికి తెచ్చి చూపించాడు. ముల్లు సదా నీలమునందే యుండుటచే నీరు సదా వచ్చుచున్నట్లే భావింపవలెనని, వచ్చుచున్న నీటికి మరల వాల్వు తిప్పుట ద్విగుణ సరఫరా యగునని అందులో ఉంది.

"అంటే ఏటి గౌరీసూ?" అంది వరహాలమ్మ.

"అంటే తిప్పొద్దన్నారు, అమ్మా."

నాలుగు రోజులు కుళాయి పొడిగా ఉంది. గౌరీసు అంగన్‌వాడీ తొట్టి నీళ్ళలోంచి రెండు బిందెలు తెచ్చి వరహాలమ్మ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో దాచుకున్న ఒక బిందె ఇచ్చాను. మూడో రోజుకి బట్టలు ఉప్పు నీళ్ళలో ఉతకాల్సొచ్చింది. సన్యాసమ్మ వీపు మీద పొక్కులు చూశాను, మామిడిపిందెలంత. ఆవిడ మాత్రం గోడ చూసుకుని సంతోషంగా ఉంది.

"ఊరికి మంచి రోజులొచ్చినాయే. రేయీ పగలూ నీళ్ళేనట," అని నాతో చెప్పి గ్లాసు చాపింది. వరహాలమ్మ పోసింది. ఆ బిందెలో అదే ఆఖరు.

మర్నాడు పురస్కారం సభ. రెండు వందల మంది లబ్ధిదారుల్ని తీసుకురమ్మని గౌరీసుకి వ్యాను ఇచ్చి పంపారు. కదిలేవాళ్ళు లేరు. ఇదివరకైతే ఆరింటికని తెలుసు. ఇప్పుడు రోజంతా నీలమే. ఏ క్షణంలో వదులుతారో తెలియదు, వదిలినప్పుడు ఇంట్లో లేకపోతే వంతు పోతుంది.

"మరి నన్నేటి సెయ్యమంటారు?" అన్నాడు గౌరీసు. "రెండొందల మందీ హాజరవ్వాలని రాసినారు."

వరహాలమ్మ తలలో పిన్ను సరిచేసుకుంటూ అంది, "నీళ్ళు పట్టడానికి మనుసులు కావాలి. సబలో కూకోడానికి బిందెలు సాలవేటి?"

గౌరీసు ఆలోచించాడు. సర్వేలో ఒప్పుకున్నదే కదా. రెండు వందల బిందెలు వ్యానులో నాలుగు దఫాలుగా వెళ్ళాయి. మనుషులం మాత్రం ఇద్దరమే వెళ్ళాం. మాట్లాడడానికి వరహాలమ్మ, వంతుల పుస్తకంతో నేను.

టౌనుహాల్లో కుర్చీకొక బిందె కూర్చుంది. ముందు వరసలో మా వీధివి. వేదిక మీద పెద్ద గడియారం, నిండు నీలం. దాని కింద తళతళలాడే ఇత్తడి కుళాయి ఒకటి బిగించారు. దాని గొట్టం గోడలోంచి వెళ్ళి బయట నిలిపిన ట్యాంకరుకి కలుస్తుంది. 'మిగులు' అంతా ట్యాంకర్లలోకి ఎక్కించి వరసగా నిలబెట్టారు, సంఘానికి చూపించడానికి.

సంఘం అధ్యక్షుడు కుర్చీలవైపు చూసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "ప్రేక్షకులు..."

కమిషనరుగారు ఒక్క క్షణమే తడబడ్డారు. "ప్రతీకాత్మక హాజరు. పౌరులు తమ సంతృప్తిని పాత్రల రూపమున పంపిరి."

"అద్భుతం," అన్నాడు అధ్యక్షుడు. "ఎక్కడా గోల లేదు."

వరహాలమ్మని పిలిచారు. ఆమె మైకు ముందు కాస్త ఒంగి నిలబడింది.

"అమ్మా, మీ ఊళ్ళో నీళ్ళు ఎంతసేపు వస్తాయి?" అని అధ్యక్షుడు అడిగాడు.

"ముల్లు నీలంలో ఉన్నంతసేపు, బాబూ."

చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో కమిషనరుగారు లేచి కుళాయి తిప్పారు. ధార బొటనవేలు లావున పడింది. "ముల్లు నీలము దాటువరకు ఈ కుళాయి కట్టబడదు," అని గంభీరంగా ప్రకటించారు.

వరహాలమ్మ మైకు వదిలేసి మెట్లు దిగింది. ముందు వరసలో తన సొట్టబిందె ఎత్తుకుని మళ్ళీ వేదిక ఎక్కి కుళాయి కింద పెట్టింది. నిండింది. దించి పక్కన పెట్టింది. ఆమె పేరున ఆరు వంతులున్నాయి కాబట్టి, పక్క కుర్చీలోంచి మూలింటివాళ్ళ బిందె అందించాను. ఇది ప్రదర్శనలో భాగమనుకుని సంఘం సభ్యులు ముందుకి వంగి చూస్తున్నారు. నేను వంతుల పుస్తకం తెరిచి మామూలుగా వీధిలో చదివినట్టే చదివాను. "వరహాలమ్మ, మూడు. వరహాలమ్మ, నాలుగు."

ఆరో బిందె నిండేసరికి బయట వ్యాను ఆగిన చప్పుడైంది. గౌరీసు వార్డుకి వెళ్ళి కబురు చెప్పినట్టున్నాడు. ఆడవాళ్ళు తడి చేతులతో, నెత్తిన చుట్టకుదుర్లతో లోపలికొచ్చి ఎవరి కుర్చీ వెనక వాళ్ళు నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు. బిందెలు ముందే వరసలో ఉన్నాయి.

కమిషనరుగారు గౌరీసు దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "ఇక కట్టివేయుము."

"ముల్లు నీలంలోనే ఉంది సార్."

"అది ఎప్పుడు దాటును?"

"దాటడానికి తెలుపు లేదు కద, సార్."

కమిషనరుగారు పైకి చూశారు. సంఘం చూస్తోంది. మొదటి ట్యాంకరు అయిపోతే రెండోది కలిపారు, తరవాత మూడోది. సాయంత్రానికి 'మిగులు'లో ఏమీ మిగల్లేదు. పురస్కారం మాత్రం మా ఊరికే వచ్చింది. ప్రత్యక్ష ప్రదర్శనలో పౌరుల క్రమశిక్షణ తమను ముగ్ధుల్ని చేసిందని సంఘం రాసింది.

మర్నాడు కుళాయి మళ్ళీ పొడిగానే ఉంది. నీటి సరఫరా పునరుద్ధరించమని అర్జీ పెడదామని వీధివాళ్ళు నన్ను కూర్చోబెట్టారు. నేను వరహాలమ్మ మొహం చూసి, ఆ మాట కొట్టేసి, ఇంకోలా రాశాను. 'మా వార్డునందు ప్రతిదినము ఉదయము ఆరు గంటలకు గడియార ప్రదర్శన నిర్వహింపవలెనని ప్రార్థన. వరహాలమ్మకు ఎనిమిది పాత్రల హాజరు అవసరము.'

నీళ్ళయితే పై అధికారుల పరిధి. ప్రదర్శన కమిషనరుగారి చేతుల్లోనే ఉంది. పురస్కారం పొందిన గడియారాన్ని ప్రదర్శించనని ఆయన ఏ నోటితో అనగలరు? రెండో రోజుకే మంజూరైంది, 'అవగాహన కార్యక్రమము' అన్న పద్దు కింద.

ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి గౌరీసు ట్యాంకరు తెచ్చి మా వీధి మొదట్లో నిలుపుతాడు. దాని పక్కకి నీలం గడియారం తగిలించి కుళాయి తిప్పుతాడు. హాజరుపట్టీలో బిందెలు రాసుకుంటాడు. ట్యాంకరు ఖాళీ అయ్యాక గడియారం దించుకుని వెళ్ళిపోతాడు. తన్మయి మొన్న వేరే ఊరు వెళుతూ మమ్మల్ని చూడడానికి వచ్చి, ఆ వరసలో కాసేపు నిలబడి వెళ్ళింది.

నిన్న ఉదయం వరహాలమ్మ ఇంటికి పుస్తకం పట్టుకుని వెళ్ళాను. పెరట్లో తాడు నిండా తెల్లటి పక్కబట్టలు ఆరుతున్నాయి. సన్యాసమ్మ వీపుకి వరహాలమ్మ కొబ్బరినూనె రాస్తోంది. పొక్కులు మానుతున్నాయి.

"ఏ ఏలయిందే?" అని ముసలావిడ గోడవైపు తిరిగి అడిగింది.

"నీళ్ళ ఏలే, అత్తా."

"ఇంకానా? అయితే ఇంకో గలాసుడు పొయ్యి."